కందుల కింద వేటగాడు

పక్కింట్లో మాంసం ఉడుకుతుంటే కిటికీలు మూసుకొని చెమటలు కక్కే వంశం మాది. అలాంటి వంశం మొత్తానికి, బతికున్నవాళ్లకూ పోయినవాళ్లకూ కలిపి, ఒక్క పొద్దున అడవిపంది మాంసం తినిపించిన ఘనుణ్ని నేను. వండలేదు, వడ్డించలేదు, ఒట్టి నోటితో చేశాను. ఆ నోటి పుణ్యాన నా పెళ్లి ఎలా చెడబోయిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నారాయణఖేడ్ వచ్చినప్పుడు మాత్రం మా దుకాణం ముందు నిలబడి నవ్వకండి, గిరాకీ దెబ్బతింటుంది.

మాది విత్తనాలు, ఎరువుల దుకాణం. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, కోపం వస్తే ఉర్దూ మాట్లాడతాం. మెడలో లింగం, నుదుట విభూతి ఉంటాయి. నాయనను అప్ప అంటాం, నాయనమ్మను ఆయి అంటాం. మా ఆయి సంగతి ఒక్కటి చెబితే చాలు. చిన్నప్పుడు నా వాచకంలో కోడిగుడ్డు బొమ్మ కనబడితే, ఆ పేజీ మీద విభూతి చల్లి, పుస్తకాన్ని ఎండలో పెట్టి, సాయంత్రం లోపలికి రానిచ్చింది.

కల్హేర్ తొవ్వలో మాకో చెల్క, అంటే మెట్టచేను, ఉంది. దాని చివర పెద్ద నల్లబండ. మేం కోసిన పంటంతా ఎండబోసినా ఇంకా జాగా మిగులుతుంది. దాని మీద బొమ్మలున్న సంగతి మాకు ఎప్పటినుంచో తెలుసు. ఒక పక్క మూపురాల ఎద్దులు. ఇంకో పక్క జింకలు, తోకలు లేపిన కుక్కలు, ఒక సన్నకాళ్ల మనిషి. గొర్లకాపరులు పొద్దుపోక గీకారేమో అనుకొని, వాటి మీదే మిరపకాయలు ఎండబెట్టుకునేవాళ్లం.

ఆ ఏడు కందికోతలు అయిపోయాక హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్ సారు వచ్చాడు. ఎవరో ఫోన్లో పంపిన ఫొటో చూసి వచ్చాడట. రావడం రావడమే చెప్పులు విడిచి, బండ మీద బోర్లా పడుకొని, ఒక్కో బొమ్మనూ వేలితో తడమడం మొదలుపెట్టాడు. అప్ప మెల్లగా నా పక్కకు వచ్చాడు.

"ఈ సారుకు పానం బాగలేదా ఏంది?"

"గాదప్పా, సదువుతుండు."

"పండుకొనా?"

సారు లేచి చొక్కా దులుపుకున్నాడు. "ఇవి గీసినవి కావు. రాయితో రాయిని పొడిచి పొడిచి చేసిన బొమ్మలు. వేల ఏళ్ల నాటివి కావచ్చు. ఇదిగో, ఇతను వేటగాడు, చేతిలో విల్లు. చుట్టూ ఇతని కుక్కలు. మధ్యలో ఉన్నది అడవిపంది కావచ్చు. ఎవరు చేశారో చెప్పలేం. జాగ్రత్తగా చూసుకోండి, పోతే మళ్లీ దొరకవు," అన్నాడు.

సారు మాటల్లోని 'కావచ్చు'లనూ 'చెప్పలేం'లనూ నేను కందుల్లో రాళ్లు ఏరినట్టు ఏరి పారేశాను. మిగిలిన మాటలు మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాను. నన్ను తప్పు పట్టకండి. అప్పటిదాకా నాకు గర్వపడటానికి ఏమీ లేదు. డిగ్రీ ఒక సబ్జెక్టు దగ్గర పీట వేసుకొని కూర్చుంది. యూరియా బస్తా మీద కూర్చొని ఫోన్ చూడటం నా వృత్తి. అలాంటివాడికి ఉన్నట్టుండి వేల ఏళ్ల బండ దొరికితే ఊరుకుంటాడా?

సరిగ్గా అప్పుడే బీదర్ అవతలి ఊరి నుంచి నాకో సంబంధం వచ్చింది. పిల్ల పేరు మహానంద. ఇంట్లో నందా అంటారు. తండ్రి సంగప్ప, చెరకు రైతు. ఆయన ఎవరింటికి పోయినా ముందు వంటిల్లు చూస్తాడు, ఆ తర్వాతే మనుషుల్ని చూస్తాడు. దావత్‌కు పిలిచినా తన చెంబులో నీళ్లే తాగుతాడు. "ఆస్తి జర తక్కువున్నా ఫరవాలేదు. ఇంటి ఆచారం కావాలె," అని మొదటి రోజే తేల్చి చెప్పాడు. ఆచారం విషయంలో మాకు భయం ఏముంది? ఆయి ఒక్కతే చాలు, ఊరికంతటికీ సరిపోతుంది.

పిల్లను చూడటానికి పోయినప్పుడు పెద్దవాళ్లు వానల గురించి మాట్లాడుకుంటూ మా ఇద్దరినీ వరండాలో నిలబెట్టారు. అంతకుముందు చూసిన పిల్లలందరూ దుకాణం మీద ఎంత వస్తుందని అడిగారు. ఈ పిల్ల నా ముఖం చూసి, "మీ చేన్ల బండ మీద పాత బొమ్మలున్నయట గద?" అంది.

"ఉన్నయ్. వేల ఏండ్లయి."

"ఎవలు చేసిండ్రు?"

చెప్పలేం అంటే ముచ్చట అక్కడే అయిపోతుంది. ఆమె కళ్లు ఇంతింత చేసుకొని చూస్తోంది.

"మా తాతలే," అన్నాను.

"నిజంగనా?"

"చేను మాది. బండ మాది. ఇగ బొమ్మలు ఎవలియి ఉంటయి?"

ఆమె నవ్వింది. "నాకు సూడాలని ఉన్నది," అంది. అంతే. నేను పడిపోయాను. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి, లేకపోతే యూరియా బస్తా మీదే ముసలివాణ్ని కావాలి అని అక్కడే నిర్ణయించుకున్నాను. వాళ్లకూ నేను నచ్చాను. సోమవారం వచ్చి కుంకుమ పెట్టి మాట ఖాయం చేసుకుంటామన్నారు.

ఆగండి, సంతోషపడకండి. సోమవారానికి ఇంకా టైముంది, నాకేమో నోరుంది.

నాకు డిగ్రీలో దోస్తు యాదగిరి. వాళ్లది సిర్గాపూర్. ఒక పేపరుకు విలేకరి. మా దిక్కున బోరుబావి ఎండటం, రోడ్డు మీద గుంత పడటం తప్ప వార్తలు తక్కువ కాబట్టి, బండ సంగతి వినగానే బండి వేసుకొని వచ్చాడు.

"బస్వా, నీ పేరు పేపర్ల ఏస్త. జర దమ్మున్న మాట చెప్పు," అన్నాడు.

"మా తాతలు వేటగాళ్లు రా."

"మీరా? పక్కన ఎవడన్న కీమా ముచ్చట తీస్తేనే టిఫిన్ ఇడిసిపెట్టి లేస్తవ్ గదరా?"

వినండి, దేవుడు అక్కడే నన్ను హెచ్చరించాడు. యాదగిరి నోటితో హెచ్చరించాడు కాబట్టి నేను గుర్తుపట్టలేదు.

"గది ఇప్పటి ముచ్చట. అప్పుడు వేరే. గా పంది సూడు, ఎంత ఉన్నది! గసొంటిదాన్ని ఒక్క బాణంతోని పడగొట్టిండ్రు మావోళ్లు."

"పడగొట్టి ఏం జేసిండ్రు?"

"ఏం జేస్తరు? ఊరంత పండుగ జేసుకుంటరు."

"రాసుకోవాల్నా?"

"రాసుకో. పెద్దక్షరాలల్ల రాసుకో."

ఆ తర్వాత ఫొటో. ఊరికే నిలబడితే మజా రాదన్నాడు. వేపకొమ్మ వంచి, బస్తాలు కుట్టే సుతిలి కట్టి విల్లు తయారుచేశాం. "పైగుండీలు తియ్యి, వీరుడి లెక్క కనవడాలె," అన్నాడు. తీశాను. పొద్దున పూజ చేసుకొని వచ్చానేమో, నుదుటి మీద విభూతి ధగధగా మెరుస్తోంది. విప్పిన చొక్కాలోంచి లింగం బయటికి వచ్చి ఛాతీ మీద వేలాడుతోంది. ఆ అవతారంతో ఒంటి మోకాలి మీద కూర్చొని, విల్లు లాగి, పందికి గురిపెట్టాను. ఒక్క క్షణం కళ్లు మూసుకొని ఆ ఫొటోను ఊహించుకోండి. ఊహించుకున్నారా? నవ్వడం అయిపోయాక చెప్పండి, ముందుకు పోదాం.

మర్నాడు పేపర్లో నా ఫొటో, దాని నెత్తిన లావుపాటి అక్షరాలు: 'పందులు వేటాడిన వంశం మాది!'

దొరికిన కాపీలన్నీ కొన్నాను. ఒకటి దుకాణం అద్దానికి అంటించాను. అప్పకు చూపిస్తే, కళ్లద్దాలు దొరక్క, "ఫొటో మంచిగొచ్చింది," అని మురిసిపోయాడు. తర్వాత ఆయి ముందు కూర్చొని గొంతు సవరించుకొని చదవడం మొదలుపెట్టాను. 'ఎన్నో తరాల కిందట ఈ వంశస్థులు భారీ అడవిపందులను ఒక్క బాణంతో నేలకూల్చి, ఊరంతా కలిసి విందు చేసుకునేవారని...' ఇక్కడికి వచ్చేసరికి నా గొంతు నాకే వింతగా వినిపించింది. విందు. పంది. మా వంశస్థులు. మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. చదవడం ఆపాను.

"ఆపినవెందుకు? ఎవలు తిన్నరు?" అంది ఆయి.

"తాతలు."

"ఏ తాత?"

"చానా పాతోళ్లు ఆయీ."

"పేరు చెప్పు. మీ తాత సంగతి నాకెర్క. ఆయన నాయన సంగతి నాకెర్క. సోమారం నాడు ఉల్లిగడ్డ సుత ముట్టకపోదురు. పంది తిన్నది ఎవలో పేరు చెప్పు, ఇయ్యాల్టి సంది గాయన సమాధి దిక్కు పోవుడు బంద్ చేస్త!"

"పేరుండదు ఆయీ, వేల ఏండ్ల కిందటి ముచ్చట."

"పేరు తెల్వదు గని తిన్నది మాత్రం తెల్సా నీకు?"

నేను పేపర్ మడిచాను. ఆయి లేచి పోయి వంటింటి గిన్నెలన్నీ బయటికి తెచ్చి తోమడం మొదలుపెట్టింది. నేను చదివిన మాటలు గిన్నెలకు కూడా అంటుకున్నాయని ఆవిడ నమ్మకం.

మధ్యాహ్నం దుకాణంలో ఉండగా ఫోన్ మోగింది. మా అప్ప ఫోన్‌ను చెవికి పెట్టుకోడు. స్పీకర్ పెట్టి, బజారుకంతా వినిపిస్తాడు.

"నమస్కార. మీ పిల్లగాని ఫొటో చూసినం," అంది సంగప్ప గొంతు.

"అవునా! మంచిగొచ్చింది గద?" అన్నాడు అప్ప. కళ్లద్దాలు అప్పటికీ దొరకలేదు.

"మా ఊళ్ల తెలుగు చదివెటోడు చదివి చెప్పిండు. హంది తిన్న మనెతన అంట గద మీది?"

హంది అంటే పంది. మనెతన అంటే వంశం. అప్ప నా వైపు చూశాడు. నేను అద్దానికి అంటించిన పేపర్ వైపు చూశాను. ఎరువు కోసం వచ్చిన రైతులు ఎత్తిన బస్తాలు దించి మరీ వింటున్నారు.

"గది పేపరోళ్లు..." అని అప్ప నసిగాడు.

"సోమారం మేం వస్తం. కుంకుమ పెట్టుడు తర్వాతి ముచ్చట. ముందుగాల గా బండ సూడాలె. మీ పిల్లగాడు చెప్పినట్టే ఉంటే, గాడికెల్లే వాపస్ పోతం," అని సంగప్ప ఫోన్ పెట్టేశాడు.

అప్ప నన్ను ఉర్దూలో తిట్టాడు. ఎప్పుడు ఉర్దూ వస్తుందో ముందే చెప్పాను కదా.

పరేషాన్ అయిపోయి యాదగిరి దగ్గరకు ఉరికాను. "అరేయ్, మావోళ్లు తినలేదని రాయరా," అన్నాను.

"సవరణ ఏస్త. మళ్ల నీ ఫొటో పెట్టి, కింద 'వీరు పంది తినలేదు' అని రాస్త."

"ఫొటో వద్దురా!"

"ఫొటో లేకుంటే ఎవలు తినలేదో ఎట్ల తెలుస్తది? పోనీ, 'తిన్నరు గని జరంతే' అని రాయాల్నా?"

"యాదగిరీ, నీకు దండం పెడ్త."

"అసలు తింటే ఏమైతది రా? నేను తింట. నాకేమైంది?"

"నీకు పిల్లనిచ్చిండ్రు. నాకు ఇంకా ఇయ్యలే!"

ఇక లాభం లేదని, ఎవరికీ చెప్పకుండా సుత్తె పట్టుకొని ఒక్కణ్నే చెల్కకు పోయాను. ఆ పందినీ ఆ వేటగాణ్నీ చెక్కేస్తే పీడ పోతుందనుకున్నాను. చెబుతుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బండ మీద కూర్చొని సుత్తె ఎత్తి ఆ మనిషి వైపు చూశాను. నా అరచేయంత కూడా లేడు. కాళ్లు వంచి, విల్లు సాగదీసి, అన్ని వానల్లో అన్ని ఎండల్లో అలాగే ఉన్నాడు. ఎవడో ఒకడు ఆ రోజు వేట నుంచి వచ్చి, రాయి తీసుకొని, చేతులు బొబ్బలెక్కేదాకా పొడిచి పొడిచి, ఇదిగో నేనింతవాణ్ని అని లోకానికి చెప్పుకున్నాడు. పేపర్ లేదు, విలేకరి లేడు, ఉన్నదల్లా బండే. నాలాగే గొప్పలు చెప్పుకునే మనిషి! నా తాత అవునో కాదో నాకు తెలియదు, నా మనిషి మాత్రం అవును. సుత్తె కింద పెట్టేశాను.

మరి సంగప్ప సంగతేమిటి? బండకు ఒక పక్క ఎద్దులు, ఇంకో పక్క వేట అన్నాను కదా. ఎద్దుతో చిక్కు లేదు. ఎద్దంటే మాకు బసవన్న, చూడగానే దండం పెడతాం. వేట పక్క ఏదైనా ఆరబోస్తే సరి, ఆ బండ ఉన్నదే అందుకు. దుకాణం వెనక అమ్మకానికి పెట్టిన కందుల బస్తాలు గుర్తొచ్చాయి. సోమవారం పొద్దున్నే ఆటోలో వేసుకొని పోయి, వేటగాణ్నీ కుక్కల్నీ పందినీ జింకల్నీ కందులతో మందంగా కప్పేశాను.

"అవి ఎండినయే గదరా, మళ్ల ఎండవోస్తవేంది?" అన్నాడు అప్ప.

"ఇంకింత ఎండనీయప్పా."

నా తెలివికి నేనే మెచ్చుకొని చెట్టు కింద కూర్చున్నాను. విత్తనాల దుకాణం వాణ్ని, పుట్టినప్పటి నుంచీ రైతుల మధ్య పెరిగినవాణ్ని, ఒక్క సంగతి మర్చిపోయాను. అదేమిటో సంగప్ప చూపిస్తాడు.

కారు దిగాడు. వెంట మహానంద కూడా ఉంది, బండ చూస్తానని పట్టుబట్టి వచ్చిందట. మా వైపు నుంచి అప్ప, నేను, సాక్ష్యం చెప్పడానికి నేను లాక్కొచ్చిన యాదగిరి, కర్ర పట్టుకొని ఆయి. "ఏ తాతనో నేను సుత సూస్త," అని ఆయి ఆటో ఎక్కి కూర్చుంటే దింపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సంగప్ప ఎద్దుల పక్క చూశాడు. చూసి చెప్పులు విడిచాడు. వంగి ఒక మూపురాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. "బసవణ్ణ! ఎంత సక్కగున్నడు! మరి వేట ఏది?" అన్నాడు.

"వేట లేదు మామా. గదంత ఈ యాదగిరిగాడు సొంతంగ కల్పించిండు," అన్నాను.

యాదగిరి నన్ను ఒక చూపు చూశాడు. దోస్తు కాబట్టి చూపుతో ఆపేశాడు. సంగప్ప ముఖం విచ్చుకుంది. మహానంద మాత్రం బండంతా వెతుకుతూ, "మీరు చెప్పిన వేటగాడు లేడా?" అని మెల్లగా అడిగింది. ఆ గొంతులో నిరాశ విని నాకు మనసు చివుక్కుమంది. అయినా ఎద్దుల వైపే చెయ్యి చూపించాను. సంగప్ప తిరిగి చెప్పులేసుకున్నాడు. కారు వైపు నడిచాడు. నడుస్తూ నడుస్తూ కందుల పక్క ఆగాడు.

అయ్యలారా, అమ్మలారా, పరిచిన గింజలు కనబడితే చెయ్యి పెట్టకుండా పోయే రైతు ఎక్కడైనా ఉన్నాడా? గొంతుక్కూర్చొని పిడికెడు తీశాడు. ఊదాడు. ఒక గింజ పంటి కింద పెట్టి పటుక్కుమనిపించాడు.

"ఎండినయ్," అన్నాడు.

"అవును మామా."

"మస్తు ఎండినయ్. మళ్ల ఎందుకు పోసిండ్రు?"

అలా అంటూనే అలవాటు కొద్దీ అరచేత్తో గింజల్ని అటూ ఇటూ దున్నడం మొదలుపెట్టాడు. ముందుగా ఒక తోక బయటపడింది. ఆయన చెయ్యి ఆగింది. ఇంకొంచెం తోశాడు.

"ఇదేంది?"

"కుక్క మామా."

"ఇది?"

"ఇంకో కుక్క."

"మరి ఇది?"

వీపు మీద వెంట్రుకలు లేపుకొని, మూతి ముందుకు చాచి, కందుల మధ్య నిలబడి ఉంది పంది.

"గది సుత కుక్కనే మామా. జర బలిసింది."

యాదగిరికి దగ్గు వచ్చింది. మహానంద గబగబా వచ్చి తండ్రి పక్కన మోకాళ్ల మీద కూర్చొని, మిగిలిన గింజల్ని కొంగుతో తుడిచేసింది. సన్నకాళ్ల వేటగాడు విల్లుతో సహా ఎండలోకి వచ్చేశాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. సంగప్ప ముఖం నల్లబడింది. నా పెళ్లి కళ్ల ముందే కందుల్లో కలిసిపోతోంది.

"హంది," అన్నాడు సంగప్ప.

"అవునప్పా, హందినే," అంది మహానంద చల్లగా. "మన చెరకు తోటల పడి తినేది గిదే గద. ఈన దాన్ని తరుముతుండు. పంట కావలి కాస్తుండు, నీ లెక్కనే."

సంగప్ప తల తిప్పి చూశాడు. తర్వాత తెలిసింది, ఆ ఏడు అడవిపందులు ఆయన చెరకును ఆగం చేశాయట. దినాం పొద్దుగూకగానే ఆ పెద్దమనిషి రేకుడబ్బా కొట్టుకుంటూ గట్ల మీద తిరుగుతున్నాడట. ఇంకొంచెం ముందుకు వంగి వేటగాణ్ని పరీక్షగా చూశాడు.

"కావలా?" అన్నాడు. ఆయన గొంతు మారింది. "అవు. నిలవడ్డ తీరు గట్లనే ఉన్నది. పాపం, ఒక్కడే కాస్తుండు."

మహానంద నా వైపు ఓరగా చూసింది. గట్టెక్కాం! ఇక్కడ నేను నోరు మూసుకొని ఉంటే ఈ జ్ఞాపకం శుభంగా ముగిసేది. కానీ నా వేటగాణ్ని, నేను సుత్తె దించి కాపాడుకున్నవాణ్ని, పట్టుకొని 'పాపం' అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"కాదు మామా," అన్నాను. "కావలి అయితే పంది ఉరకనీకి ఒక దిక్కు ఇడిసిపెడ్తం గద. గీడ సూడుండ్రి, నాలుగు దిక్కుల కుక్కలే. ఈన తరిమెటోడు కాదు, కొట్టెటోడు!"

మహానంద కళ్లు మూసుకుంది. అప్ప ఉర్దూలో ఏదో మొదలుపెట్టాడు.

సంగప్ప నిదానంగా లేచాడు. "కొట్టి?" అన్నాడు. "కొట్టి ఏం జేసిండు?"

యాదగిరి అడిగిన ప్రశ్నే. ఈసారి నేను వంగి కందులు దగ్గరకు ఊడవడం మొదలుపెట్టాను.

"తిన్నడు," అంది ఒక గొంతు.

ఆయి! కర్ర ఊనుకుంటూ వచ్చి బండ మీద నిలబడింది. "ఆకలైతే ఏం జేస్తడు, చేతులు ముడుసుకొని కూసుంటడా? తిన్నడు. మీ తాత సుత తిన్నడు సంగప్పా."

"అవ్వా!"

"అరవకు. బసవన్న వచ్చి లింగం కట్టకముందు మనమెవలం? చెప్పులు కుట్టెటోళ్లు వచ్చిండ్రు, పడవ నడిపెటోళ్లు వచ్చిండ్రు, గీ విల్లు పట్టెటోళ్లు సుత వచ్చిండ్రు. ఆయన వద్దన్నడా? కడుపుల ఏమున్నదని సూసిండా? ఆయన సూడనిది నువ్వు సూస్తవా? నువ్వు ఆయన కన్న పెద్దోనివా?"

మా మెడల్లో లింగం కట్టిన గురువు బసవన్న కన్నా పెద్దవాణ్నని సంగప్ప ఎలా అంటాడు? గిన్నెలన్నీ తోమి తోమి ఆయి ఈ మాట దగ్గరకు చేరిందని నాకు అప్పుడు అర్థమైంది. నాకు కళ్లు చెమర్చాయి. ఇంత పెద్ద ఆయి మా ఇంట్లో ఉంటే నేను గర్వం కోసం బండల చుట్టూ తిరిగాను.

ఆవిడ ఇంకా ఆపలేదు. కర్రతో వేటగాణ్ని చూపించి, ఆ కర్రనే నా వైపు తిప్పింది. "ఇగో, గాయన కాళ్లు సూడు. ఇగ వీని కాళ్లు సూడు. గీ సన్నకాళ్లు మా ఇంటియే. పేరు తెల్వకపోతే మానె, ఈన మా తాతనే!"

అందరూ నా కాళ్ల వైపు చూశారు. సంగప్ప నా కాళ్లనూ బొమ్మ కాళ్లనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత భుజం మీది తువాల తీసి, వంగి, వేటగాడి మీద మిగిలిన దుమ్ము తుడిచాడు.

"గిసొంటోడు ఒక్కడుంటే ఈ ఏడు మా చెరకు మిగులుతుండె," అని గొణిగాడు. ఆపైన కూతురితో, "నందా, కారుల కుంకుమ ఉన్నది, పట్టుకరా," అన్నాడు.

ఫోన్లో అంత ఎగిరిన మనిషి కుంకుమ వెంట తెచ్చుకొనే వచ్చాడన్నమాట! ఆ మాట ఇప్పటికీ ఆయనతో అనలేదు. మీరూ అనకండి.

పెళ్లయింది. మొదటిసారి అత్తగారింటికి పోతే అల్లుళ్లకు ఏం పెడతారు? బట్టలు పెడతారు, హోళిగలు, అదే బొబ్బట్లు పెడతారు. నాకూ పెట్టారు. తినడం అయ్యాక మామ నా చేతిలో రేకుడబ్బా, కర్ర పెట్టాడు. "వేటగాళ్ల మనెతన గద. పొద్దుగూకుతుంది, తోటకు నడువు," అన్నాడు. ఊళ్లో సగం మంది చూడటానికి వచ్చారు. పేపర్లో ఫొటో చూసినవాళ్లేమో, విల్లు తేలేదా అని కూడా అడిగారు.

గట్టు మీద ఛాతీ విరుచుకొని నిలబడ్డాను. చెరకు కదిలింది. పంది బయటికి వచ్చింది. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. మా ఇద్దరిలో వేటగాడు ఎవరో దానికి వెంటనే తెలిసిపోయింది. డబ్బా ఒక దిక్కు, కర్ర ఒక దిక్కు, "ఆయీ!" అన్న కేక ఒక దిక్కు పోయాయి. నేను ఊరి దిక్కు పోయాను. కొత్త పెళ్లికూతురు నేను పారేసిన డబ్బానే తీసుకొని దడదడా కొట్టి పందిని తరిమింది.

ఊపిరి ఎగబీలుస్తూ అరుగు మీద కూలబడితే, మామ నా కాళ్లను మళ్లీ ఒకసారి శ్రద్ధగా చూశాడు. "మీ ఆయి కరెక్టుగ చెప్పింది. గా కాళ్లే. గని గాయనకు కుక్కలుండె, నీకు నందా ఉన్నది," అన్నాడు.

అందుకని పెద్దలారా, ఆ బండ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఏ పూర్వీకుణ్నైనా సొంతం చేసుకునే ముందు ఆయన ఏం తిన్నాడో మా ఆయిని అడుగుతాను. రైతు వచ్చే చోట కందులతో దేన్నీ కప్పను. పెద్దవాళ్లు 'కావచ్చు' అంటే, ఆ 'కావచ్చు'ను ఎక్కడున్నదాన్ని అక్కడే ఉండనిస్తాను.

ఇప్పుడు మా బండను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. దాని మీద మేం మిరపకాయ కూడా ఎండబెట్టడం లేదు. నీళ్లు చల్లి, దుమ్ము కడిగి, నేనే దగ్గరుండి చూపిస్తాను. ఎవరు చేశారండీ ఇవి అని అడుగుతారు. మహానంద నా పక్కనే నిలబడి నా నోటి వైపే చూస్తుంటుంది. ప్రమాణం గుర్తుచేసుకొని, "మా తాతలు... కావచ్చు," అంటాను.

అని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి కాళ్లు చూపిస్తాను.